వెబర్ కొనే ముందు ఆ నాలుగు ప్లగ్గులు మళ్లీ చూడండి

ప్రశ్న: ఇంగ్లండ్‌లో లెస్టర్ దగ్గర ఉద్యోగం చేస్తున్నాను. కిందటేడాది 1967 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్ కొన్నాను. దానికి ఎస్‌యూ కంపెనీ హెచ్ఎస్4 కార్బురేటర్లు (గాలిలో పెట్రోలు కలిపి ఇంజన్‌కు పంపేవి) రెండు ఉన్నాయి. చూడటానికి ముచ్చటగా ఉంటుంది కానీ నడపడం నరకం. సిగ్నల్ దగ్గర ఆపితే ఒకసారి ఇంజన్ ఆగిపోతుంది, ఇంకోసారి నిమిషానికి 1,200 చుట్లకు ఎగిరి గోల పెడుతుంది. వేడెక్కాక కూడా చోక్ కొంచెం లాగి ఉంచితేనే నిలకడగా ఉంటుంది. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఒక దగ్గు దగ్గి అప్పుడు లాగుతుంది. గ్యారేజీ అంతా పెట్రోలు వాసన. గాలనుకు 18 మైళ్లు మించడం లేదు. ప్లగ్గులు విప్పి చూస్తే ముందు రెండూ తెల్లగా, వెనుక రెండూ మసిపట్టి ఉన్నాయి. ఇక్కడి మిత్రులు ‘ఎస్‌యూలు పాతకాలపు సరుకు, తీసేసి ఒక వెబర్ 45 డీసీఓఈ పెట్టు, పవరూ పెరుగుతుంది’ అంటున్నారు. రాజమండ్రిలో అంబాసిడర్ టాక్సీ నడిపిన మా నాన్నగారు ఫోనులో శబ్దం విని ‘ఎక్కడో ఎయిర్ పడుతోంది, కార్బురేటర్ జోలికి పోకు’ అన్నారు. ఎవరి మాట వినమంటారు?

జవాబు: మీ నాన్నగారి మాట వినండి. ఆయన ఊరికే అనలేదు. అంబాసిడర్‌లో ఏళ్ల తరబడి నడిచిన 1489 సీసీ ఇంజనూ, మీ ఎంజీబీలో ఉన్న 1798 సీసీ ఇంజనూ ఒకే ఇంటివి. రెండూ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) వారి బీ-సిరీస్ ఇంజన్లు. గాలి లోపలికి పోయే దారులు, టాపెట్ల అమరిక, చివరికి మొరాయించే పద్ధతి కూడా ఒకటే. ఆ శబ్దం వింటూ బతికిన మనిషికి ఫోనులో విన్నా తేడా తెలుస్తుంది.

మీరు కూడా తెలియకుండానే సగం రోగం కనిపెట్టేశారు. ప్లగ్గుల రంగు రాశారే, అదే అసలు సాక్ష్యం. ఈ ఇంజన్‌లో ముందు కార్బురేటర్ ఒకటి, రెండు సిలిండర్లకు పెట్రోలు అందిస్తుంది. వెనుకది మూడు, నాలుగుకు. టైమింగ్ తప్పితే నాలుగు ప్లగ్గులూ ఒకే రకంగా పాడవుతాయి. ఒక వాల్వు కాలితేనో, ఒక ప్లగ్గు వైరు తెగితేనో ఆ ఒక్క సిలిండరే తేడా చేస్తుంది. మీ దగ్గర సరిగ్గా జంటగా తేడా వచ్చింది. అంటే ముందు కార్బురేటర్ వైపు పెట్రోలుకు మించి గాలి పోతోంది, వెనుక వైపు గాలికి మించి పెట్రోలు పోతోంది. మెకానిక్కుల మాటలో ముందుది లీన్, వెనుకది రిచ్.

చోక్ సంగతి కూడా ఇదే చెబుతోంది. ఎస్‌యూలో చోక్ లాగితే గాలికి అడ్డంగా రేకు ఏదీ మూసుకోదు. అడుగున ఉన్న జెట్, అంటే పెట్రోలు వచ్చే సన్న గొట్టం, కిందికి దిగుతుంది, పెట్రోలు ఎక్కువ వస్తుంది. వేడి ఇంజన్‌కు కూడా ఆ అదనపు పెట్రోలు కావలసి వస్తోందంటే, ఎక్కడినుంచో లెక్కలో లేని గాలి దూరుతోంది. ఇక ఐడ్లింగ్, అంటే కారు ఆపినప్పటి ఇంజన్ వేగం, ఒకసారి పడిపోయి, ఒకసారి 1,200 ఉండటం థ్రాటిల్ స్పిండిల్ (గాలిని అదుపు చేసే రేకును తిప్పే ఇరుసు) అరుగుదల లక్షణం. అరవై ఏళ్ల కారు. ఆ స్పిండిల్ లక్షల సార్లు తిరిగి ఉంటుంది. దాని రంధ్రం అరిగి కోలగా అయితే మూసుకున్న ప్రతిసారీ రేకు కాస్త వేరేచోట కూర్చుంటుంది, పక్కనుంచి గాలి పీల్చుకుంటుంది.

తొక్కగానే దగ్గడానికి కారణం ఇంకా చిన్నది. కార్బురేటర్ నెత్తిన ఉన్న నల్ల మూతలు విప్పి చూశారా? లోపల నూనె ఉండాలి. ఉండదని నా అనుమానం.

ఈ స్థితిలో వెబర్ పెట్టడమంటే ఎలుక దూరిందని ఇంటికి నిప్పు పెట్టుకోవడమే. పైగా పీసీవీ వాల్వు (ఇంజన్ లోపలి ఆవిరిని మళ్లీ ఇన్‌లెట్‌లోకి పంపేది) దగ్గర గాలి పడుతుంటే వెబర్ పెట్టాక కూడా పడుతుంది. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ అరిగి ఉంటే వెబర్ దాన్ని బాగుచేయదు. డబ్బు ఖర్చయి, జబ్బు మిగిలి, ఈసారి చేతిలో మీకు అలవాటు లేని కార్బురేటర్ ఉంటుంది.

వెబర్ చెడ్డదని కాదు. ఇటలీలో బొలోన్యా నగరంలో పుట్టిన ఆ కార్బురేటర్ గొప్పదే. డీసీఓఈలో రెండు గొట్టాలుంటాయి. ఒక్కో గొట్టానికి వెంచురీ (గాలి వేగం పెంచే ఇరుకు గొంతు), మెయిన్ జెట్, ఎయిర్ కరెక్టర్, ఎమల్షన్ ట్యూబు, ఐడిల్ జెట్, పంపు జెట్ అన్నీ విడివిడిగా మార్చుకోవచ్చు. వెంచురీ మిల్లీమీటర్లను నాలుగుతో గుణిస్తే మెయిన్ జెట్‌కు తొలి అంచనా వస్తుందని ట్యూనర్లు చెబుతారు. 34 వెంచురీకి 135 చుట్టుపక్కల. ఆ తర్వాతి లెక్కంతా రోలింగ్ రోడ్ (కారును రోలర్ల మీద నడిపి పరీక్షించే యంత్రం) మీద, డబ్బాడు జెట్లు పక్కన పెట్టుకుని, గంటల లెక్కన డబ్బు కడుతూ తేల్చుకోవలసిందే. ఒక్కో సిలిండర్‌కు ఒక్కో గొట్టం ఇవ్వగలిగిన ఇంజన్ మీద దాని అందం చూడాలి.

మీ ఇంజన్ అలాంటిది కాదు. బీ-సిరీస్ హెడ్డులో సిలిండర్లు నాలుగైనా గాలి లోపలికి పోయే ద్వారాలు రెండే. ఒకటి, రెండు కలిసి ఒక ద్వారం, మూడు, నాలుగు కలిసి ఇంకొకటి. సిలిండర్లు మండే వరస, అంటే ఫైరింగ్ ఆర్డర్, 1-3-4-2. వేళ్ల మీద లెక్కపెట్టి చూడండి. రెండో సిలిండర్ పీల్చిన వెంటనే ఒకటోది అదే ద్వారం నుంచి పీలుస్తుంది, ఆపైన క్రాంక్ ఒక పూర్తి చుట్టు తిరిగేదాకా ఆ ద్వారానికి పని లేదు. వెనుక ద్వారానికీ ఇదే తంతు. వెంటవెంటనే రెండు గుక్కలు, ఆ తర్వాత పెద్ద విరామం. ఇలాంటి ఊపిరికి కొలత మారని వెంచురీ, లెక్కగా రంధ్రాలు పెట్టిన జెట్లు సర్దుకోవాలంటే ట్యూనర్ చేతిలో పనితనం ఉండాలి. వాల్వులు తెరిచే కామ్ షాఫ్ట్ మార్చి, హెడ్డు పోర్టులు గీసి, పైచుట్లలో పరిగెత్తే రేసు ఇంజన్ అయితే ఆ శ్రమకు ఫలితం ఉంటుంది. అందుకే కంపెనీ వాళ్లే రేసు ట్యూనింగ్ సామానులో వెబర్ కూడా అమ్మేవారు. మామూలు కామ్‌తో, మామూలు హెడ్డుతో, ఆఫీసుకు వెళ్లివచ్చే కారులో మీకు మిగిలేది ప్రధానంగా శబ్దం. శబ్దం పెరిగితే వేగం పెరిగినట్టే అనిపిస్తుంది, అది మనిషి బలహీనత.

ఎస్‌యూకు ఆ ఇబ్బంది లేదు. దాని గొంతు కొలత దానంతటదే మారుతుంది. ఇంజన్ ఎంత గాలి పీలిస్తే లోపలి పిస్టన్ అంత పైకి లేస్తుంది. దానికి వేలాడే నీడిల్ కొసవైపు సన్నబడుతూ ఉంటుంది. పిస్టన్ లేచినకొద్దీ జెట్‌లో సందు పెరిగి పెట్రోలు ఎక్కువ వస్తుంది. ఒక జెట్, ఒక నీడిల్, ఒక స్ప్రింగు, అంతే. ఈ ఆలోచన జార్జి హెర్బర్ట్ స్కిన్నర్‌ది, 1905 నాటిది. వాళ్లది చెప్పుల వ్యాపారం చేసే కుటుంబం. తొలిరోజుల కార్బురేటర్లలో పిస్టన్ బదులు తోలు తిత్తి ఉండేదంటే ఆశ్చర్యమేముంది! ఎస్‌యూ అన్నది స్కిన్నర్, యూనియన్ మాటల పొడి అక్షరాలు. ఇప్పటికీ ఇంగ్లండ్‌లోనే సాలిస్‌బరీలో బర్లెన్ సంస్థ వీటి విడిభాగాలు కొత్తగా తయారుచేస్తోంది. పాత సరుకు అన్న మీ మిత్రులకు ఆ మాట చెప్పండి.

ఇక పని. కార్బురేటర్‌ను చివరికి ఉంచండి.

మొదట ఇంజన్ చల్లగా ఉండగా టాపెట్లు, అంటే వాల్వుల దగ్గర ఉండవలసిన సందు. మీ ఇంజన్‌కు 0.015 అంగుళం, అంటే 0.38 మిల్లీమీటరు. ఎనిమిది వాల్వులు కాబట్టి తొమ్మిది లెక్క గుర్తుంచుకోండి. ఎనిమిదో వాల్వు పూర్తిగా కిందికి నొక్కుకుని ఉన్నప్పుడు ఒకటోది సరిచేయాలి, ఏడు నొక్కుకున్నప్పుడు రెండు, ఇలా ఏది తీసుకున్నా కూడితే తొమ్మిది. తర్వాత ప్లగ్గుల గ్యాప్ 0.025 అంగుళం, డిస్ట్రిబ్యూటర్ లోపలి పాయింట్ల గ్యాప్ 0.015. డిస్ట్రిబ్యూటర్ షాఫ్టును వేళ్లతో పట్టుకుని పక్కకు ఊపండి. లొడలొడ ఊగితే పాయింట్ల గ్యాప్ ఎంత శ్రద్ధగా పెట్టినా నిలవదు. దాని పక్కనున్న వాక్యూమ్ డబ్బా గొట్టాన్ని నోటితో పీల్చి చూడండి. లోపలి పలక కదలాలి, పీల్చి పట్టుకుంటే పట్టు నిలవాలి. స్టాటిక్ టైమింగ్, అంటే ఇంజన్ ఆపి సరిచేసే నిప్పురవ్వ సమయం, పిస్టన్ పైకొసకు చేరడానికి 10 డిగ్రీలు ముందు. ఇదంతా ఒక ఆదివారం పని. సగం ‘కార్బురేటర్ జబ్బులు’ ఇక్కడే నయమవుతాయి.

తర్వాత గాలి. మీ సంవత్సరపు కారుకు ఇన్‌లెట్ మానిఫోల్డ్ మీద పుట్టగొడుగు ఆకారంలో ఒక పీసీవీ వాల్వు ఉండాలి, పైన తీగ క్లిప్పుతో. దానిలో రబ్బరు పొర చిరిగితే నాన్నగారు చెప్పిన ఎయిర్ పట్టడం అదే. పరీక్ష సులువు. ఇంజన్ వేడెక్కి ఐడ్లింగ్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీయండి. వాల్వు బాగుంటే ఇంజన్ వేగం సుమారు 200 చుట్లు పెరుగుతుంది. మార్పేమీ లేకపోతే వాల్వు విప్పి చూడవలసిందే.

స్పిండిళ్ల పరీక్షకు చాలామంది మండే స్ప్రే కొట్టమంటారు. ఈ ఇంజన్‌లో వద్దు. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ సరిగ్గా కార్బురేటర్ల కిందే ఎర్రగా కాగుతూ ఉంటుంది. నూనె డబ్బాతో స్పిండిల్ చివర రెండు చుక్కలు పలచటి నూనె వేయండి చాలు. చుక్క లోపలికి జారిపోయి, ఇంజన్ చప్పుడు మారితే అక్కడ సందు ఉన్నట్టే. ఇంజన్ ఆపి స్పిండిల్ చివర పట్టుకుని పైకీ కిందికీ కదిపినా తెలుస్తుంది. ముందు కార్బురేటర్‌లో ఇది దొరుకుతుందని నా గట్టి నమ్మకం. కొత్త స్పిండిల్ వేస్తే సరిపోవచ్చు. బాడీ రంధ్రం కూడా అరిగి ఉంటే బుష్షులు వేయించాలి, అది లేత్ ఉన్న నిపుణుడి పని. రెండింటికీ ఒకేసారి చేయించండి. వెబర్ కిట్టుకయ్యే ఖర్చుతో పోలిస్తే ఇది చాలా తక్కువ.

వెనుక కార్బురేటర్ మసి, పెట్రోలు వాసన వేరే కథ. చోక్ తోసేశాక కింద చెయ్యి పెట్టి జెట్‌ను పైకి నెట్టి చూడండి. వేలికి ఏమాత్రం పైకి జరిగినా అది ఇన్నాళ్లూ సగం చోక్‌తోనే నడుస్తున్నట్టు. హెచ్ఎస్4లో జెట్ అలా ఇరుక్కోవడం మామూలే. అది బాగుంటే ఫ్లోట్ గిన్నె మూత విప్పండి. నీడిల్ వాల్వు కొస అరిగి గీత పడితే పెట్రోలు ఆగదు, ఓవర్‌ఫ్లో గొట్టంలోంచి కారుతుంది. ఫ్లోట్‌ను చెవి దగ్గర పెట్టి ఊపండి, లోపల పెట్రోలు గలగలమంటే పారేయండి. గిన్నె అడుగునుంచి జెట్‌కు వెళ్లే సన్నని గొట్టం మొదట్లో తడి ఉందేమో కూడా చూడండి. గ్యారేజీలో వాసన ఉన్నంతకాలం అక్కడ హీటర్ వెలిగించకండి, ఇది మాత్రం హెచ్చరికే.

ఇప్పుడు పై గిన్నెలు, అంటే డాష్‌పాట్లు. విప్పేముందు ఏది ఏ కార్బురేటర్‌దో గుర్తు పెట్టండి. పిస్టనూ గిన్నే జతగా తయారైనవి, తారుమారు చేస్తే రెండూ పాడు. పెట్రోలుతో గుడ్డ తడిపి తుడవండి, ఉప్పుకాగితం తాకించకండి. నీడిల్ మీద చెక్కిన అంకె చదవండి. మీ కారు ఇంజన్ నంబరు 18జీబీతో మొదలవుతుంటే నీడిల్ 5 ఉండాలి, స్ప్రింగు కొసన ఎర్ర రంగు ఉండాలి. రెండింట్లో వేర్వేరు నీడిళ్లు దొరికినా నేను ఆశ్చర్యపోను. ఇన్ని చేతులు మారిన కారు! మళ్లీ బిగించాక పిస్టన్ ఎత్తి వదిలితే ‘టక్’మని లోహం మోగుతూ కూర్చోవాలి. మెత్తగా దిగితే నీడిల్ జెట్‌ను ఒరుసుకుంటోంది, జెట్‌ను మధ్యకు సరిచేయాలి. అప్పుడు గిన్నెలో 20 గ్రేడ్ ఆయిల్ పోయండి. డ్యాంపర్ మూతను తిప్పబోయే ముందే, ఇంకా కాలు అంగుళం ఎత్తులో ఉండగానే చేతికి అడ్డు తగిలితే నూనె సరిపోయినట్టు. గట్టిగా తొక్కినప్పుడు పిస్టన్ ఒక్క ఉదుటున లేచిపోకుండా ఈ నూనే ఆపుతుంది, ఆ క్షణంలో గాలికి తగ్గ పెట్రోలు జెట్‌లోంచి రావడానికి వీలు కల్పిస్తుంది. మీ దగ్గు మందు ఇదే.

ట్యూనింగ్ ఇక మిగిలింది. ఇంజన్ బాగా వేడెక్కాలి. పది నిమిషాలు రోడ్డు మీద తిప్పి రండి, నిలబెట్టి వేడిచేయడం చాలదు. రెండు కార్బురేటర్లనూ కలిపే కడ్డీ క్లాంపులు వదులు చేయండి. లేకపోతే ఒకదాన్ని తిప్పితే రెండోదీ కదిలి మీ ఓపిక పరీక్షిస్తుంది. ఫిల్టర్లు తీసి, రెండు జెట్లనూ పైకంటా తెచ్చి, అక్కడినుంచి కింద ఉన్న ఆరుపలకల నట్టును పన్నెండు పలకలు, అంటే రెండు చుట్లు దించండి. ఇది ఆరంభం మాత్రమే.

గాలి సమానం చేయడానికి మీటర్లు దొరుకుతాయి. లేకపోతే రెండడుగుల రబ్బరు గొట్టం చాలు. ఒక కొస చెవిలో, ఇంకో కొస కార్బురేటర్ నోటి దగ్గర ఒకేచోట, ఒకే దూరంలో పెట్టి బుసను వినండి. రెండు బుసలూ ఒకే స్థాయికి వచ్చేదాకా ఐడ్లింగ్ స్క్రూలు చెరికాస్త తిప్పండి. పుస్తకం 500 చుట్లంటుంది కానీ 750, 800 దగ్గర ఉంచండి, నేటి ట్రాఫిక్‌కు అదే సుఖం.

మిక్చర్‌కు కార్బురేటర్ పక్కన అడుగున చిన్న పిన్ను ఉంటుంది. దాన్ని నెడితే మొదట కొంత ఖాళీగా కదులుతుంది, తర్వాత పిస్టన్ తగులుతుంది. తగిలాక వెంట్రుకవాసి, ముప్పై రెండో వంతు అంగుళం మాత్రమే లేపండి. ఇంజన్ వేగం పెరిగి అలాగే ఉండిపోతే రిచ్. వెంటనే కుంగి ఆగబోతే లీన్. కొద్దిగా లేచి మళ్లీ సర్దుకుంటే సరి. రిచ్ అయితే నట్టును పైకి, లీన్ అయితే కిందికి, ఒక్కోసారి ఒక్క పలకే తిప్పి, ఒకసారి రేసు ఇచ్చి, మళ్లీ పిన్ను నొక్కి చూడండి. ముందుదాన్ని సరిచేస్తే వెనుకది కాస్త మారుతుంది కాబట్టి అటూ ఇటూ రెండు మూడుసార్లు వెళ్లిరావలసి ఉంటుంది. అంతా కుదిరాక బుస మళ్లీ విని, క్లాంపులు బిగించి, రెండు థ్రాటిళ్లూ ఒకే క్షణంలో తెరుచుకుంటున్నాయని కళ్లతో చూసి ముగించండి. పన్నెండు దగ్గర మొదలైన నట్లు రెండూ రెండు మూడు పలకల తేడాలోపు ఆగితే ఆరోగ్యం. ఒకటి పన్నెండు దగ్గర, ఒకటి ఇరవై దగ్గర ఆగితే గాలి ఇంకా ఎక్కడో పడుతోంది. నట్లు వదిలి మళ్లీ దాన్ని వెతకండి.

ఇంగ్లండ్‌లో 2021 సెప్టెంబరు నుంచి మామూలు పెట్రోలు ఈ10 అయింది. అందులో పదో వంతు దాకా ఇథనాల్. ఇథనాల్‌కు తక్కువ గాలి చాలు కాబట్టి అదే సెట్టింగులో ఇంజన్ కొంచెం లీన్‌గా నడుస్తుంది. పాత రబ్బరును కూడా తింటుంది. ఇలాంటి పాత కార్లకు సూపర్ గ్రేడ్ ఈ5 పోయించండి, మీ అధికారులు చెప్పేదీ అదే. ఏ పెట్రోలు వాడదలిస్తే దానితోనే ట్యూనింగ్ చేయండి. ఇంధన గొట్టాలను ఇథనాల్‌ను తట్టుకునే ఆర్9 గుర్తు ఉన్నవాటితో మార్చేయండి, అవి ఎప్పటివో మీకు తెలియదు కదా.

ఇదంతా చేశాక గాలనుకు 25 మైళ్లకు తగ్గకుండా వస్తుంది. కొత్తలో ఈ ఇంజన్ 95 హార్స్‌పవర్ ఇచ్చేది. అవి వెనక్కి వచ్చాక కూడా చాలవనిపిస్తే ముందు హెడ్డు, తర్వాత కామ్ షాఫ్ట్, ఆ తర్వాతే కార్బురేటర్. అప్పుడు కూడా వెబర్ కంటే ముందు అంగుళంముప్పావు హెచ్ఎస్6 ఎస్‌యూల జంట ఆలోచించండి. మీకు అప్పటికి చేతికి వచ్చిన పద్ధతి, అవే పిన్నులు, అవే నట్లు, నీడిల్ మాత్రం వేరు. వెబర్ పెట్టాలన్న మోజు తీరకపోతే ఒక మాట. మీది ఏ మానిఫోల్డ్, బ్రేకు సర్వో పక్కన గొట్టాలకు చోటుందా, పెట్రోలు పంపు పీడనం 3 పీఎస్ఐ దాటకుండా ఉందా అన్నవి కొలిచి చూసుకున్నాకే డబ్బు తీయండి. తీసిన ఎస్‌యూలను మాత్రం అమ్మకండి.